నసీమ్ సిస్టర్ చెప్పిన రెండో అంకె

బీపీ పట్టీని చేతి నుంచి ఊడదీసేటప్పుడు చర్రుమని ఒక చప్పుడు వస్తుంది. గోనెసంచి మూతి కుట్టును ఒక్క గుంజుతో తెంపినట్టుంటుంది అది. ఆదివారం పొద్దున లక్డారంలో మా ఇంటి ముందరి రేకుల కింద ఆ చప్పుడు ఇరవైసార్లకు తక్కువ కాకుండా వినబడుతుంది. వారానికోసారి మా వాడకట్టువాళ్లకు బీపీ చూసేది నేనే. ఆ చప్పుడు విన్న ప్రతిసారీ నా ముక్కుకు స్పిరిట్ వాసన తగులుతుంది. లేత ఆకుపచ్చ గోడల చిన్న గది, ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడ గడియారం, ఆ గడియారం కింద తెల్లకోటు వేసుకొని పెన్ను పట్టుకున్న నసీమ్ సిస్టర్ కళ్లముందుకు వస్తారు. ఆమెను ఎన్నడూ చూడనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇది రాయడానికి నేను మిగిలి ఉండడమే ఆమె పనితనానికి రుజువు. అందుకని కొంచెం గర్వంగానే రాస్తాను.

పటాన్‌చెరు దాటాక వచ్చే ఫ్యాక్టరీల వరుసలో ఒక మందుల ఫ్యాక్టరీలో నేను పనిచేస్తాను. మాత్రలను రేకుల్లో పొదిగి పెట్టెల్లో పెట్టే విభాగం మాది. చేరి ఇరవై ఏళ్లు దాటింది. నా చదువు ఏడో తరగతితో ఆగింది, లెక్కలు మాత్రం ఆగలేదు. శాతం అంటే ఏమిటో బడిలో కాదు, యంత్రం పక్కన నిలబడి నేర్చుకున్నాను. వెయ్యి రేకుల్లో ఎన్నింట మాత్ర విరిగింది, నిన్నటికంటే ఎక్కువా తక్కువా, ఏ గంటలో ఎక్కువ విరుగుతున్నాయి, ఇవన్నీ రాసుకునేవాడిని. సగటు తీయడం పాత క్యాలెండర్ కాగితాల వెనక నాకు నేనే సాధించాను. తోటివాళ్లు నన్ను లెక్కల నర్సింలు అనేవాళ్లు. అందులో మెచ్చుకోలు కొంత, ఎగతాళి కొంత.

ఎన్ని లెక్కలు చేసినా నన్ను భయపెట్టింది ఒకే ఒక్క తీసివేత. మా నాయన యాభై దాటకుండా పోయాడు. మక్కచేనులో కలుపు తీస్తూ తీస్తూ రొమ్ము పట్టుకొని గట్టు మీద కూర్చున్నాడు, మళ్లీ లేవలేదు. ఆయన వయసెంతో కచ్చితంగా ఎవరికీ తెలియదు. రేషన్ కార్డు నలభై ఎనిమిది అంటుంది, మా మేనత్త యాభై నిండలేదంటుంది. నలభై దాటినప్పటి నుంచి నేను యాభైలోంచి నా వయసు తీసేసి చూసుకునేవాడిని. ఆ తీసివేత గురించి నా భార్య లక్ష్మికి కూడా చెప్పలేదు.

నలభై నాలుగో ఏట, తల దిమ్ముగా ఉందని మొదటిసారి కంపెనీ ఆరోగ్య కేంద్రంలోకి వెళ్లాను. డాక్టరు వారానికి రెండు రోజులే వచ్చేవారు, మిగతా రోజులన్నీ నసీమ్ సిస్టర్‌వే. ఆమెది సంగారెడ్డి, రోజూ బస్సులో వచ్చేవారు. నాకంటే పదేళ్లు పెద్ద. సన్నగా, నిటారుగా ఉండేవారు. ఎవరు వెళ్లినా ముందు కుర్చీలో కూర్చోబెట్టి, పాదాలు రెండూ నేలకు ఆనించమని చెప్పి, గోడ గడియారం చూపించేవారు. ఐదు నిమిషాలు మాట్లాడొద్దు. మేనేజరైనా అంతే, గేటు దగ్గరి వాచ్‌మన్ అయినా అంతే. తర్వాత బీపీ చూసి, పట్టీ వదులు చేసి, కాసేపాగి మళ్లీ చూసేవారు. మొదటి అంకెను నోటితో కూడా అనేవారు కాదు. రెండోదే రిజిస్టర్‌లో ఎక్కేది.

వచ్చిన అంకెను వచ్చినట్టు రాయకపోవడం నాకు నచ్చలేదు. అదే అడిగాను.

"మొదటిది నీ భయంది నర్సింలూ. రెండోది నీది" అన్నారు ఆమె, తల ఎత్తకుండానే.

నాకు మాటతో నమ్మకం కుదరదు. డాక్టరు రాసిన బీపీ మాత్ర మొదలుపెట్టాక ప్రతి సోమవారం వెళ్లేవాడిని. రెండు అంకెలూ చెప్పమని బతిమాలి పన్నెండు వారాలు నా పుస్తకంలో రాసుకున్నాను. పదిసార్లు మొదటిదే ఎక్కువ. ఆ కాగితం తీసుకెళ్లి ఆమెకు చూపిస్తే చాలాసేపు చూశారు. ఇన్నేళ్లలో తన మాటను లెక్కగట్టి చూసింది నేనొక్కడినే అన్నారు. ఆ రోజు మొదలు ఆమె నన్ను రోగిలా కాక, పనిలో తోడులా చూశారు.

మొదటి రోజు జరిగిన ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బు ఉందా అని అడిగితే నాయన సంగతి చెప్పాను. ఆయన బీపీ ఎంత ఉండేదని అడిగారు. ఎన్నడూ చూపించుకోలేదన్నాను. రిజిస్టర్‌లో నా పేరు పక్కన ఒక చిన్న గడి గీసి, ఏమీ రాయకుండా వదిలేశారు.

"ఖాళీగ పెడ్తున్న. సున్న గాదు, ఖాళీ. రెండింటికి ఫరక్ నీకు నేను చెప్పాల్నా?" అన్నారు.

ఇంటికి వచ్చి నా పుస్తకంలో కూడా అలాంటి గడే ఒకటి గీశాను. మొదటి వరుస మా నాయనది, ఖాళీ గడి. రెండో వరుస నాది. ఆరు నెలల్లో నా వరుసలో నూట అరవై ఎనిమిది నుంచి నూట ముప్పై ఎనిమిదికి దిగాను. బాగుపడ్డానని అనుకున్నాను.

బాగుపడ్డవాడికే తెలివి ఎక్కువవుతుందేమో. నలభై ఆరో ఏట కంపెనీవాళ్లు అందరికీ రక్తపరీక్షలు చేయించారు. నా కాగితంలో విటమిన్ డి దగ్గర తొమ్మిది అని, పక్కన కిందికి చూసే బాణం గుర్తు వచ్చాయి. మా విభాగంలో చాలామందికి అదే బాణం. అందులో వింతేమీ లేదు, లోపల మా కళ్లు తప్ప ఒళ్లంతా తెల్లగుడ్డలో ఉంటుంది, కిటికీలుండవు, బయటికి వస్తే బస్సు. డాక్టరు మోకాళ్ల నొప్పులు, నడుము నొప్పులు విని, వారానికొక పొడి పొట్లం చొప్పున ఎనిమిది వారాలు వేసుకోమని రాశారు. బీపీ మాత్ర ఎప్పటిలాగే రోజూ. అంతవరకు సరిగానే ఉంది.

ఆ వారమే, మా ఊరివాడూ నాతోపాటే లైన్ మీద పనిచేసేవాడూ అయిన మల్లేశం ఫోన్‌లో ఒక వీడియో పంపాడు. గుండెజబ్బు ఉన్నవాళ్లలో చాలామందికి విటమిన్ డి తక్కువగా ఉంటుందట, కాబట్టి అది నింపుకుంటే గుండె తనంత తానే బాగుపడుతుందట. మొదటి సగం చదువుకున్నవాళ్లు కూడా చెప్పే మాటే. రెండో సగం దానికి కట్టిన తోక. నాకు ఆ తోక కనబడలేదు. నా తీసివేతకు జవాబు దొరికిందనిపించింది, అప్పటికి నాకు మిగిలింది నాలుగేళ్లు మరి.

కాగితం ముందర పెట్టుకొని లెక్క వేశాను. వారానికొకటి, ఎనిమిది వారాలంటే ఎనిమిది పొట్లాలు. అవి ఒంట్లోకి పోవడమే ముఖ్యమైతే ఎనిమిది రోజుల్లో ఎందుకు పోకూడదు? ఏడు రెట్లు తొందరగా నిండుతుంది కదా. భాగహారం తప్పు లేకుండా చేశాను, అదే నా తప్పు. ఎనిమిది రోజులయ్యాక, మా ఇళ్లలో ఏ మందైనా మండలం రోజులు తింటేనే గుణమిస్తుందన్న మాట గుర్తుకొచ్చింది. మా అమ్మ పసరు మందులన్నీ అట్లాగే నలభై రోజులు తాగించేది. ఇంకేముంది, మెడికల్ షాపులో మరిన్ని పొట్లాలు కొని, రోజూ పొద్దున పాలల్లో కలుపుకొని మండలం పట్టాను. అసలు కారణమే దొరికాక బీపీ మాత్ర దండగని మానేశాను. మందుల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకు మందంటే భయముండదు, అదొక రోగం. రోజూ ఆ పొట్లాలేమిటని లక్ష్మి అడిగితే డాక్టరు రాసిందే అన్నాను. అది అబద్ధం కాదు, నిజం కూడా కాదు.

సోమవారాలు సిస్టర్ గదికి వెళ్లడం మానేశాను. మండలం ముగిశాక ఒక్కసారే వెళ్లి మంచి అంకె చూపించి ఆమెను ఆశ్చర్యపరచాలని నా పథకం. మూడో వారానికి నోరు ఎండడం మొదలైంది. నాలుగో వారానికి ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరేది కాదు, తిన్నది సహించేది కాదు, మలబద్ధకం. మందు పనిచేస్తోందని లెక్కగట్టుకున్నాను.

ఆరో సోమవారం మధ్యాహ్నం భోజనానికి బయటికి వస్తుంటే, చెప్పులు మార్చుకునే గదిలో బెంచీ మీద నసీమ్ సిస్టర్ కూర్చొని ఉన్నారు, ఒళ్లో బీపీ యంత్రం. ఆమెకు లోపలికి రావడానికి అనుమతి లేదు. నలభై నిమిషాల నుంచి అక్కడే ఉన్నారని తర్వాత తెలిసింది.

"ఏంది నర్సింలూ, అయిదు సోమవారాలాయె, కానొస్తలేవు" అన్నారు.

పని ఎక్కువగా ఉందన్నాను. పని అందరికీ ఉంది, గడి నీదొక్కడిదే ఖాళీగా ఉంది అన్నారు. పక్కన మల్లేశం చెప్పుల కోసం వెతుకుతున్నట్టు నటిస్తూ చెవులు ఇటే పెట్టాడు. ఆ బెంచీ మీదే నన్ను కూర్చోబెట్టి, పాదాలు ఆనించి, ఐదు నిమిషాలు నోరు మూయించారు. రెండో అంకె నూట డెబ్బై ఎనిమిది, కింద నూట ఎనిమిది. ఆమె ముఖం మారలేదు. మాత్ర సంగతి అడిగారు. అప్పుడు నేను, ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది, గర్వంగానే చెప్పాను. భాగహారం, మండలం, ముప్పై నాలుగో రోజు నడుస్తుండడం, అన్నీ.

ఆమె పట్టీ మడుస్తూ విన్నారు.

"ఎనిమిది వారాల అన్నం ఎనిమిది రోజుల్ల తింటవా?"

"అది అన్నం, ఇది మందు గద సిస్టరమ్మా" అన్నాను.

"అన్నమైతె కక్కుకుంటవు. ఇది కక్కలేవు, లోపల్నే కూసుంటది. జల్దీ లెవ్వు" అన్నారు.

కంపెనీ బండిలో ఆమె కూడా ఎక్కి సంగారెడ్డిలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లారు. దారిలో ఒక్క మాట తిట్టలేదు. నా మణికట్టు పట్టుకొని నాడి లెక్కబెడుతూ కూర్చున్నారు. రక్తంలో కాల్షియం పెరిగిపోయిందని, మూత్రపిండాల మీద భారం పడిందని, ఇట్లాగే సాగితే గుండె కొట్టుకునే తీరే దెబ్బతినేదని అక్కడి డాక్టరు చెప్పారు. గుండెను కాపాడుకోవడానికి తిన్నదే గుండె మీదికి వస్తుందని నా లెక్కలో ఎక్కడా లేదు. నాలుగు రోజులు సెలైన్ ఎక్కించారు. బీపీ మాత్ర మళ్లీ మొదలైంది.

రెండో రోజు డ్యూటీ దిగి ఆమె వార్డుకు వచ్చారు. అప్పటికి లక్ష్మి నాతో మాట్లాడడం మానేసింది, ఫ్లాస్కు మాత్రం పెట్టి తీసేది. నేను మంచంలో ఉండి కూడా వాదించాను. గుండెజబ్బువాళ్లకు విటమిన్ డి తక్కువ ఉంటుందన్నది నిజమా కాదా అని అడిగాను. నిజమే, చాలామందిలో కనిపిస్తుంది అన్నారు. మరి నా లెక్కలో తప్పెక్కడుందన్నాను. ఆమె స్టూలు దగ్గరికి జరుపుకున్నారు.

"రెండు గంటల సైరన్ కొట్టంగనే మన గేటు కాడికి ఆటోలు వస్తయా లేదా?"

"వస్తయి."

"పోయిన ఎండకాలంల సైరన్ కరాబై వారం రోజులు కొట్టలే. ఆటోలు బంద్ అయినయా?"

ఆటోలు ఎప్పటిలాగే వచ్చాయి. వాటిని పిలిచేది సైరన్ కాదు, షిఫ్టు. రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి ఇంకోదాన్ని తెచ్చినట్టు కాదు. మంచం మీద పడుకొని ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూశాను. గుండె బాగా లేనివాడు ఆయాసపడి ఇంట్లోనే ఉంటాడు, ఇంట్లో ఉన్నవాడికి ఎండ తగలదు, ఎండ తగలకపోతే ఆ అంకె తగ్గుతుంది. బాణం గుర్తు జబ్బుకు కారణం కాకపోవచ్చు, జబ్బు వదిలిన అడుగుజాడ కావచ్చు. అదే ఆమెతో అంటే నవ్వారు. వేలమందికి విటమిన్ డి ఇచ్చి ఏళ్ల తరబడి గమనించి చూసినా, ఆశపడినట్టు గుండెపోట్లు తగ్గలేదని డాక్టరు తనకు చెప్పారని అప్పుడు చెప్పారు. ఎముకలకు, కండరాలకు అది కావాలి, తక్కువైతే డాక్టరు చెప్పినంత వేసుకోవాలి. దాన్ని గుండె పనికి పంపితే పోదు.

లేవబోతూ ఆగి ఇంకొక మాట అన్నారు.

"మీ నాయిన దినమంత ఎండల్నే ఉండె గద నర్సింలూ. ఒక్కని తోటి లెక్క తేలదు, నాకెర్కె. గాని ఎండతోనొచ్చే ఆ విటమిన్ ఒక్కటే గుండెకు సాలుతదన్న నీ మాటకు బొక్క పడనీకి ఒక్కడు సాలు."

నేను తల అటు తిప్పుకున్నాను. నాయనకు ఎండ ఎన్నడూ తక్కువ కాలేదు. చేతికి పట్టీ చుట్టి, ఐదు నిమిషాలు కూర్చోబెట్టినవాళ్లు తక్కువయ్యారు. ఆ ఖాళీ గడి నాకు ఆ రోజు అర్థమైంది. అంతవరకు మాట్లాడని లక్ష్మి, "ఇగనన్న సమజైందా" అని ఫ్లాస్కు మూత తీసింది.

తిరిగి డ్యూటీలో చేరిన రోజు, తప్పు ఒప్పుకుంటే సరిపోదు, పనిచేయాలి అని సిస్టర్ నాకొక గళ్ల కాగితం ఇచ్చారు. మా లైన్ మీద నలభై దాటినవాళ్లం పందొమ్మిది మందిమి. అందరి గడులూ ప్రతి నెలా నిండాలి. పేర్లుండవు, టోకెన్ నంబర్లే. అంకెలు ఆమె రాస్తారు, మనుషులను తెచ్చేది నేను. మొదటి నెల ఎనిమిది గడులు నిండాయి. కాగితం తెచ్చి ఎనిమిది మంది వచ్చారని చెప్పాను. ఆమె అటు చూడనే లేదు.

"ఎవరు రాలే?" అన్నారు.

ఆ ప్రశ్న నా బుర్రను తిప్పేసింది. యంత్రం దగ్గర ఎప్పుడూ చేతిలోకి వచ్చినవే లెక్కబెట్టాను. రాని మనిషి కూడా ఒక లెక్కేనని, అసలు లెక్క అక్కడే మొదలవుతుందని ఆమె దగ్గరే తెలుసుకున్నాను. నా కోసం చెప్పుల గది బెంచీ మీద నలభై నిమిషాలు కూర్చున్నది ఆ లెక్క తెలిసిన మనిషి. క్యాంటీన్‌లో, బస్సులో, గేటు దగ్గర రానివాళ్ల వెంటబడ్డాను. మల్లేశం అయితే నన్ను చూడగానే, "డాక్టర్ నర్సింలు వస్తుండు, చేతులు దాసుకోండ్రి" అని అరిచేవాడు. పొట్లాలు కూడా పంచుతావా అని నన్ను ఆటపట్టించేవాడు. చెప్పుల గదిలో నా గొప్పలన్నీ విన్నవాడు, ఆ మాట అనే హక్కు అతనికుంది. పదో నెలలో ఒక సోమవారం అతనే వచ్చి కుర్చీలో కూర్చొని, పాదాలు ఆనించి, ఎన్నడూ మూయని నోరు ఐదు నిమిషాలు మూశాడు. రెండో అంకె చూసి అతనికీ మాత్ర పడింది. అది పందొమ్మిదో గడి. సిస్టర్ ఆ కాగితాన్ని గడియారం కింద గోడకు అంటించారు. పండుగ బట్టలు చూసుకున్నట్టు మేమంతా వంతులవారీగా వెళ్లి చూసి వచ్చాం.

తర్వాత రెండేళ్లకు ఆమె రిటైరయ్యారు. నా తీసివేత మాత్రం నడుస్తూనే ఉంది. యాభై వచ్చింది, ఇంట్లోవాళ్లు సంతోషపడ్డారు, నేను పడలేదు. మా ఊళ్లో బడికి పోయినవాళ్లమంతా జూన్ నెలలోనే పుట్టాం, సార్లు అట్లా రాసుకున్నారు. నా పుట్టిన తేదీలో ఏడాది పొరపాటు ఉండవచ్చు. అందుకని ఇంకో ఏడాది కలిపి, యాభై ఒకటి నిండితేనే నాయనను దాటినట్టు అని గీత గీసుకున్నాను. ఈ సంగతి మొదటిసారి ఒక మనిషికి, నసీమ్ సిస్టర్‌కు, ఫోన్‌లో చెప్పాను. మన లెక్క మనకు ఎదురు తిరిగేటట్టే వేసుకోవాలి, అదే మంచిది అన్నారు.

యాభై ఒకటి నిండిన పొద్దున, సంగారెడ్డి బస్సు ఎక్కి, దిగి, ఆటో పట్టుకొని ఆమె లక్డారం వచ్చారు. చేతిలో ఒక స్టీలు డబ్బా, ఒక సంచి. డబ్బాలో ఖుబానీ కా మీఠా, ఎండు ఆప్రికాట్ పళ్లతో చేసిన తీపి. మూత తీయబోతే నా చేతి మీద ఒకటి వేసి, ముందు కుర్చీ చూపించారు. ఇంటినిండా చుట్టాలు. లక్ష్మి, మా మేనత్త, మల్లేశం, వాడకట్టువాళ్లు, అందరూ ఐదు నిమిషాలు ఊపిరి బిగబట్టినట్టు నిలబడ్డారు. అంత పెద్ద గుంపు అంత నిశ్శబ్దంగా ఉండడం మా ఇంట్లో నేనెన్నడూ చూడలేదు. మొదటిది చూశారు, ఏమీ అనలేదు. రెండోది చూశారు.

"నూట ఇరవై ఆరు, కింద ఎనభై" అని గట్టిగా, గుంపు అంతటికీ వినబడేటట్టు చెప్పారు. పెన్ను మాత్రం నా చేతికిచ్చి, "దాటినవ్. నువ్వే రాసుకో" అన్నారు.

నాయన ఖాళీ గడి కింద ఆ అంకె రాశాను. గీత వంకర పోకుండా రాశాననే అనుకుంటున్నాను. మా మేనత్త, తన తమ్ముడు, అంటే మా నాయన, పోయిన నాటి నుంచి మా ఇంట్లో గట్టిగా నవ్వని మనిషి, డబ్బా తీసుకొని మొదటి చెంచా తానే నా నోట్లో పెట్టింది. అర చెంచాకే సిస్టర్ చాలన్నారు. వెళ్తూ వెళ్తూ సంచిలోని యంత్రం బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. ఇరవై ఏళ్లు ఆమె చేతుల్లో ఉన్నది కాదు, కొత్తది, నాకోసం కొన్నది. మరుసటి ఆదివారం నుంచి రేకుల కింద కుర్చీ వేశాను.

ఇప్పుడు నాకు యాభై నాలుగు. విటమిన్ డి పరీక్ష ఏడాదికోసారి చేయించుకుంటాను, డాక్టరు రాస్తే రాసినంత వేసుకుంటాను, వారానికి అంటే వారానికే. బీపీ మాత్ర రోజూ. తిండిలో ఉప్పు లక్ష్మి చేతిలో ఉంది. ఆదివారం పని అయ్యాక సంగారెడ్డికి ఫోన్ చేయడం అలవాటు. ఎంతమంది వచ్చారో నేను చెప్పను, ఆమె అడగరు. ఈ పొద్దున కూడా ఆమె అడిగింది ఆ పాత ప్రశ్నే, ఎవరు రాలేదని. మల్లేశం రెండు వారాల నుంచి రావడం లేదన్నాను.

ఫోన్ పెట్టేసి సంచి భుజాన వేసుకొని బయలుదేరాను. మా ఇంటి నుంచి మల్లేశం ఇంటికి నాలుగు వందల పది అడుగులు. ఎండ వీపు మీద వెచ్చగా పడుతోంది. మంచిదే, దాని పని అది చేస్తుంది. మల్లేశం గడప దగ్గర నన్ను చూసి చేతులు వెనక్కి దాచుకున్నాడు, నవ్వుతూనే. నేను కుర్చీ అడిగాను.